గ్రాఫిక్స్ కార్డు కొనబోయే తమ్ముళ్ళకు

(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగినప్పుడు లక్ష్యసాధన గురించో, క్రమశిక్షణ గురించో రాస్తానని వాళ్ళు అనుకొని ఉంటారు. వాటి మీద రాసేవాళ్ళు ప్రతి ఏడూ పదిమంది ఉంటారు. నేను మాత్రం పోయిన పూర్వ విద్యార్థుల సమావేశంలో భోజనాల దగ్గర విన్న ఒక గొడవ గురించి రాస్తున్నాను. ఇంటర్ చదివే తమ్ముళ్ళు ఇద్దరు, ఉద్యోగంలో చేరిన అన్న ఒకరు, ఎన్‌విడియా గొప్పదా, ఏ.ఎం.డి. గొప్పదా అని సాంబారు చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. సినిమా హీరోల అభిమానులు కూడా అంత పట్టుదలగా వాదించుకోరు! ముగ్గురిలో కార్డు ఉన్నది అన్న దగ్గర మాత్రమే. మిగతా ఇద్దరూ ఇంకా డబ్బు కూడబెడుతున్నారు. ఈ వ్యాసం ఆ ఇద్దరి కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంపెనీ పేరు చూసి కార్డు కొనేవాడు నష్టపోతాడు. మీ మానిటర్ ఏది, మీ కంప్యూటర్‌లో పవర్ సప్లై ఎంత, మీరు ఆడే ఆట ఏది, ఈ మూడూ తెలియకుండా ఏ కార్డు ధర గురించీ, వేగం గురించీ మాట్లాడి ప్రయోజనం లేదు. ఈ సంగతి నేను 24 పెళ్ళిళ్ళలో వడ్డించి నేర్చుకున్నాను.

డిగ్రీ చదివేటప్పుడు శని, ఆదివారాల్లో క్యాటరింగ్ పనికి వెళ్ళేవాణ్ణి. ఒక పెళ్ళికి 500 రూపాయలు, భోజనం. మా ఇంట్లో నాకు ముందు పదో తరగతి దాటినవాళ్ళు లేరు. కంప్యూటర్ కావాలని నాన్నను అడగడానికి నోరు రాలేదు. అట్లా కూడబెట్టిన 12,000 రూపాయల్లో 5,500 పెట్టి ఏదో ఆఫీసులో వాడి తీసేసిన కంప్యూటర్ కొన్నాను. లోపలి పవర్ సప్లై మీద 240 వాట్లు అని స్టిక్కర్ ఉంది. అప్పట్లో ఆ అంకెను నేను పట్టించుకోలేదు.

ఇది 2022 చివరి మాట. ఆ ఏడాది సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో దాని మైనింగ్‌కు గ్రాఫిక్స్ కార్డుల అవసరం పోయింది. అంతకు ముందు సుమారు రెండేళ్ళు కొత్త కార్డులు దొరకడమే గగనం, దొరికినా ధర చూస్తే కళ్ళు తిరిగేవి. ఇప్పుడు మైనింగ్‌లో రాత్రింబవళ్ళు నలిగిన కార్డులన్నీ సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వచ్చిపడ్డాయి. నేను మిగిలిన 6,500 పెట్టి ఏ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 570 తీసుకున్నాను. దాని పోటీదారు ఎన్‌విడియా జి.టి.ఎక్స్. 1650. ఏ పోలిక చూసినా 570 ధర తక్కువ, వేగం ఎక్కువ అనే ఉండేది. ఆ మాట అబద్ధం కాదు. 2019 ఏప్రిల్‌లో 1650 వచ్చినప్పుడు దాని ధర 149 డాలర్లు. 570 అప్పటికే రెండేళ్ళ పాతది, అంతకంటే తక్కువకే దొరికేది, చాలా ఆటల్లో ఎక్కువ ఫ్రేములు ఇచ్చేది.

గదికి తెచ్చి క్యాబినెట్ విప్పాక అసలు సంగతి తెలిసింది. 570కి దాదాపు 150 వాట్లు కావాలి. మదర్‌బోర్డు మీది స్లాటు ఇవ్వగలిగింది 75 వాట్లే. మిగతాది పవర్ సప్లై నుంచి విడిగా వచ్చే 8 పిన్నుల వైరు ఇవ్వాలి. నా కంప్యూటర్‌లో ఆ వైరే లేదు. సప్లై మారుద్దామంటే ఆ ఆఫీసు మదర్‌బోర్డుకు బజారులో దొరికే మామూలు సప్లై పిన్ను పట్టదు. అదే 1650లో అయితే స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే, విడి వైరు లేకుండా నడిచే రకాలు ఉన్నాయి. నాలుగు నెలలు ఆ 570 నా ట్రంకు పెట్టెలో బట్టల మధ్య పడి ఉంది. చౌకైన కార్డు, వేగమైన కార్డు, నాకు ఒక్క ఫ్రేము కూడా ఇవ్వలేదు! ఇందులో అమ్మినవాడి తప్పు లేదు, తయారుచేసినవాడి తప్పు లేదు. స్టిక్కర్ చదవని తప్పు నాది.

ఇక కొత్త కార్డుల సంగతి. 2023 మే నెలలో ఏ.ఎం.డి. తన ఆర్.ఎక్స్. 7600ను 269 డాలర్లకు తెచ్చింది. జూన్‌లో ఎన్‌విడియా ఆర్.టి.ఎక్స్. 4060ని 299 డాలర్లకు తెచ్చింది. రెండింటిలోనూ 8 జీబీ మెమరీ. అమెరికా కుర్రాడికి తేడా 30 డాలర్లు. మరి మనకు? అప్పటి లెక్కన డాలరుకు 82 రూపాయలు వేసి, 18 శాతం జి.ఎస్.టి. కలిపితే ఒకటి దాదాపు 26,000, రెండోది దాదాపు 29,000. దిగుమతి చేసేవాళ్ళ లాభం, దుకాణం లాభం వేరే. తేడా సుమారు 2,900 రూపాయలు. నా లెక్కలో ఆరు పెళ్ళిళ్ళు.

ఆ ఆరు పెళ్ళిళ్ళకు ఏం వస్తుంది? 1080పి తెర మీద మామూలుగా ఆడితే రెండూ పక్కపక్కనే నడుస్తాయి, 4060 కొద్దిగా ముందు. రే ట్రేసింగ్, అంటే వెలుగూ నీడా ప్రతిబింబమూ లెక్కకట్టి గీసే పద్ధతి, అది పెడితే 4060 బాగా ముందుకు పోతుంది. కానీ ఈ స్థాయి కార్డు కొన్నవాళ్ళు రే ట్రేసింగ్ పెట్టుకొని ఎంతసేపు ఆడతారు? పెట్టగానే ఫ్రేములు పడిపోతాయి. నేను చూసినంతలో మొదటి రోజు అందరికీ చూపించడానికి పెడతారు, రెండో రోజు తీసేస్తారు.

4060 కరెంటు తక్కువ తాగుతుందని మరో వాదన. నిజమే, దానిది 115 వాట్లు, 7600ది 165. కాగితం తీసి లెక్క వేశాను. తేడా 50 వాట్లు. రోజుకు మూడు గంటల ఆట అనుకుంటే నెలకు నాలుగున్నర యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే నెలకు 27, ఏడాదికి 324 రూపాయలు. ఆ 2,900 తిరిగి రావడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పడుతుంది. రోజూ మూడు గంటలు ఆడేవాడు సెమిస్టర్ గట్టెక్కుతాడా అన్నది వేరే లెక్క, అది మీరే వేసుకోండి. వాట్లను కరెంటు బిల్లు కోసం చూడొద్దు, పవర్ సప్లై కోసం చూడండి. 165 వాట్ల కార్డు కోసం కొత్త సప్లై కొనాల్సి వస్తే పొదుపు చేసిన పెళ్ళిళ్ళన్నీ అక్కడే ఖర్చయిపోతాయి.

మంచి సప్లై ఉండి, ఆటల కోసమే అయితే ఆ జతలో నా ఓటు 7600కే. ఒక్క మినహాయింపు ఉంది. ప్రాజెక్టు కోసం మెషీన్ లెర్నింగ్ మోడళ్ళు నడపాలనుకుంటే మారు మాట్లాడకుండా ఎన్‌విడియా తీసుకోండి. దాని క్యుడా సాఫ్ట్‌వేర్ 2007 నుంచి ఉంది, ఆ రంగంలోని ప్రోగ్రాములు ఎక్కువగా దాన్ని నమ్ముకొని రాసినవే. 2024 డిసెంబరులో ఇంటెల్ కూడా బి580 అనే కార్డును 12 జీబీతో 249 డాలర్లకే తెచ్చింది. ధర చూసి ఉబ్బిపోకండి. దానికి కొత్త తరం ప్రాసెసరు, మదర్‌బోర్డు తోడుంటేనే సత్తా చూపుతుంది. నా బోటి పాత ఆఫీసు కంప్యూటర్లకు అది అచ్చిరాదు.

పోలిక పట్టికల్లో మొదట కనిపించేది సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు అన్నది. సగటు గురించి నేను చదువుకున్నాను కాబట్టి ఒక మాట చెబుతాను. ఒక సెకనులో 60 ఫ్రేములు వచ్చాయనుకోండి. అందులో 59 మొదటి అర సెకనులోనే వచ్చేసి, చివరి ఒక్కటీ మిగతా అర సెకను తీసుకుంటే? పట్టిక 60 అనే చెబుతుంది. ఆ అర సెకనులో ఎదుటివాడు మిమ్మల్ని కాల్చేసి వెళ్ళిపోతాడు. మెస్సులో ఒకడికి నాలుగు గుడ్లు వేసి, పక్కవాడికి ఏమీ వేయకుండా సగటున తలా రెండు గుడ్లు పెట్టామని రాసుకున్నట్టు ఉంటుంది ఇది. అందుకే "1 శాతం లో" అనే అంకె ఉంటే ముందు దాన్ని చూడండి. మరీ ఆలస్యంగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. 8 జీబీ కార్డుల అవస్థ కూడా అక్కడే బయటపడుతుంది. 2023లో కంప్యూటర్లకు వచ్చిన "ది లాస్ట్ ఆఫ్ అస్" మొదటి భాగంలో సెట్టింగులు పైకి పెట్టినప్పుడు 8 జీబీ చాలక ఆట ఆగి ఆగి నడిచింది.

మానిటర్ మాట మరిచిపోకండి. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. 140 ఫ్రేములు ఇచ్చే కార్డు దానికి తగిలిస్తే మౌసు కాస్త చురుగ్గా అనిపించవచ్చు, అంతే. మిగతా 80 ఫ్రేములకు డబ్బు కట్టారు గాని కంటితో చూడలేదు. అలాగే 4కె తెరలో చుక్కలు 1080పి తెర కంటే సరిగ్గా నాలుగు రెట్లు ఉంటాయి. 4కె మీద చేసిన పోలికలో గెలిచిన కార్డుకూ మన తెరకూ సంబంధం తక్కువ.

పేర్ల గారడీలో మాత్రం రెండు కంపెనీలూ ఒకే తానులో ముక్కలు. ఎన్‌విడియా జి.టి. 1030 అనే చిన్న కార్డు 2017లో జి.డి.డి.ఆర్.5 మెమరీతో వచ్చింది. 2018లో అదే పేరుతో డి.డి.ఆర్.4 మెమరీ రకం వచ్చింది. మొదటిదానిలో మెమరీ సెకనుకు 48 జీబీ అందిస్తే రెండోదానిలో సుమారు 17 జీబీ. చాలా ఆటల్లో వేగం దాదాపు సగానికి పడిపోయింది. పేరు మాత్రం అదే! తక్కువ డబ్బున్నవాడు కొనే కార్డులోనే ఈ పని జరగడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పెద్ద కార్డులో ఇదే పని చేయబోతే ఏమయిందో చూడండి. 2022లో ఆర్.టి.ఎక్స్. 4080 పేరుతోనే 12 జీబీది ఒకటి 899 డాలర్లకు ప్రకటించారు. లోపలి చిప్పు వేరు, తక్కువది. జనం గోల పెట్టేసరికి అక్టోబరులో వెనక్కి తీసుకున్నారు. 1030 కొన్నవాళ్ళ గోల అంత దూరం వినిపించలేదు. ఏ.ఎం.డి. తక్కువ తినలేదు. 2018లో ఆర్.ఎక్స్. 580 పేరుతోనే లోపల 2304కు బదులు 2048 షేడర్లు ఉన్న రకం చైనా మార్కెట్‌కు విడుదల చేసింది, అది మన దేశం దాకా వచ్చింది. 2025లో ఎన్‌విడియా 5060 టి.ఐ., ఏ.ఎం.డి. 9060 ఎక్స్.టి. రెండూ ఒకే పేరు మీద 8 జీబీ, 16 జీబీ రకాలుగా వచ్చాయి. పెట్టె మీద చిన్న అక్షరాలు కూడా చదవండి.

అంకెల గారడీ వేరే ఉంది. 2025 జనవరిలో ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల 5070లో 4090 స్థాయి ఉందని వేదిక మీద చెప్పారు. 4090 అంటే 2022లో 1,599 డాలర్లకు వచ్చిన కార్డు. ఆ మాట నిలబడాలంటే ప్రతి అసలు ఫ్రేము వెనకా మూడు ఫ్రేములు కార్డు ఊహించి గీయాలి. కంటికి నునుపుగానే ఉంటుంది, కానీ మౌసు కదిపిన చేతికి ఆ వేగం తెలియదు.

ఇంతకీ ఎవరి పక్షం వహించాలి? 2008 జూన్ గుర్తు పెట్టుకోండి. ఎన్‌విడియా జి.టి.ఎక్స్. 280ని 649 డాలర్లకు, 260ని 399 డాలర్లకు తెచ్చింది. అదే నెలలో ఏ.ఎం.డి. హెచ్.డి. 4870ని 299 డాలర్లకే దింపింది. కొద్ది వారాల్లో 280 ధర 499కి, 260 ధర 299కి దిగాయి. ఆ వేసవిలో ఎన్‌విడియా కార్డు చౌకగా కొన్నవాడు కృతజ్ఞత చెప్పాల్సింది ఏ.ఎం.డి.కి! భోజనాల దగ్గర వాదించుకున్న ముగ్గురికీ నేను ఆ రోజు చెప్పాలనుకొని చెప్పలేకపోయిన మాట ఇదే. మీ అభిమాన కంపెనీ పోటీదారు మునిగిపోతే మొదట పెరిగేది మీరు కొనబోయే కార్డు ధర.

"ప్రభుత్వం అన్నం పెట్టి చదివిస్తుంటే వీళ్ళకు గేములు కావలసి వచ్చాయా?" అనే పెద్దలు ఈ వ్యాసం చదివితే నొచ్చుకుంటారని తెలుసు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లవాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడగరు. వాడు ఆడుకుంటే సరదా, మనం ఆడుకుంటే దుబారా. సొంత చెమటతో కొన్న వస్తువు మీద ఆదివారం రెండు గంటలు ఆడుకోవడానికి నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. అయితే అప్పు చేసి కొనకండి. స్కాలర్‌షిప్పు డబ్బు అసలే ముట్టుకోకండి. వాలొరంట్ ఒక్కటే ఆడేవాడైతే కార్డే కొనొద్దు, పాత కంప్యూటర్లలోని సాదా గ్రాఫిక్స్‌తోనూ నడిచేలా తయారుచేసిన ఆట అది. సెకండ్ హ్యాండ్ కొంటే అమ్మేవాడి ముందే మెషీన్‌లో పెట్టించి అరగంట ఆట నడిపించండి, జి.పి.యు.-జడ్ అనే ఉచిత ప్రోగ్రాములో పేరు సరిచూడండి. పాత జి.టి.ఎస్. 450ని 1050 టి.ఐ. అని అంటగట్టేవాళ్ళు ఉన్నారు.

నా 570 ఏమైందంటారా? పక్క బ్లాకులో ఒక జూనియర్ దగ్గర 1650, పెద్ద పవర్ సప్లై ఉన్న కంప్యూటర్ ఉన్నాయని తెలిసింది. సెకండ్ హ్యాండ్‌లో 1650కే ధర ఎక్కువ కాబట్టి పైన 1,500 ఇచ్చి మార్చుకున్నాను. మరో మూడు పెళ్ళిళ్ళు. వాడికి ఫ్రేములు పెరిగాయి, నాకు మొదటిసారి ఫ్రేములు వచ్చాయి. ఆ రాత్రి జి.టి.ఏ. 5 తెరుచుకుంటుంటే మా గదిలో తొమ్మిదిమంది మంచాల మీదా, కిటికీలోనూ కూర్చొని చూశారు. ఒకడు వరుస పెట్టి ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ కారు నడిపాడు, అందరం వాణ్ణి తిట్టాం.

కార్డు కొనే ముందు మీ పవర్ సప్లై మీది స్టిక్కర్ ఫోటో తీసి నాకు పంపండి. నా నంబరు వార్డెన్ గారి దగ్గర ఉంది. ఆదివారాలు మాత్రం ఫోన్ చేయకండి, ముహూర్తాలు ఉంటే ఇప్పటికీ వడ్డనకు వెళ్తున్నాను.