పొర మీద పొర... శుభలేఖ!

కరీంనగర్ వైపు పెళ్లి కార్డు కొట్టించాలంటే ముందు తేలాల్సింది ఇలవేల్పు సంగతి. ఒకరికి వేములవాడ రాజన్న, ఒకరికి కొండగట్టు అంజన్న, ఇంకొకరికి ధర్మపురి నరసింహస్వామి. ఆదిలాబాద్ వైపు వెళితే బాసర సరస్వతమ్మ, మెస్రం వంశీయులకైతే కేస్లాపూర్ నాగోబా. కొన్ని ఇళ్లలో ఆ చోట బుద్ధుడూ అంబేడ్కరూ ఉంటారు. బిస్మిల్లాతో మొదలయ్యేవి, శిలువతో మొదలయ్యేవి సరేసరి. ఇంతమందికీ డీటీపీ సెంటర్‌లో ఇన్ని డిజైన్లు దాచి ఉంచాలా? అక్కర్లేదు. డిజైన్ ఒకటే ఉంటే చాలు. దాని మీద బోలెడు పొరలుంటాయి. వీటినే లేయర్లు అంటారు.

గాజు పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి పైనుంచి చూసినట్టు ఊహించుకోండి. ఒక పలక మీద అంచు, ఒకదాని మీద దేవుడి బొమ్మ, మరోదాని మీద అక్షరాలు. ఫొటోషాప్‌లోకి ఈ ఏర్పాటు 1994లో, 3.0 వెర్షన్‌తో వచ్చింది. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే పొర మాయం. మళ్లీ నొక్కితే ప్రత్యక్షం. తీసేసినట్టు కాదు, దాచినట్టన్నమాట! ఏ పొరలు కనిపించాలో, ఏవి కనిపించకూడదో ఒక జట్టుగా గుర్తుపెట్టుకునే ‘లేయర్ కాంప్స్’ 2003లో వచ్చింది. చూసేవాళ్లే పొరలను తెరిచి మూసే వీలు పీడీఎఫ్ ఫైళ్లకు వచ్చిందీ ఆ ఏడాదే.

ఆ కన్ను గుర్తు ఆపరేటర్ చేతిలో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పెళ్లివారి చేతికే ఇచ్చేటప్పుడు టెంప్లేట్ తయారుచేసేవారు కొన్ని జాగ్రత్తలు పడాలి. పొరకు ‘లేయర్ 14 కాపీ’ అని పేరుంటే ఎవరికి అర్థమవుతుంది? ‘అంజన్న బొమ్మ’, ‘ఉర్దూ అక్షరాలు’, ‘మామిడాకుల అంచు’ అని ఉండాలి. ఒకే చోట ఉండే బొమ్మల్లో ఒకటి తెరిస్తే మిగతావి వాటంతటవే మూసుకోవాలి. లేకపోతే రాజన్న మీద నరసింహస్వామి వచ్చి కూర్చుంటాడు! ముహూర్తం, వేదిక ఉన్న పొరలకు తాళం వేయాలి. పొరపాటున అవి మూసుకుపోతే కార్డు ఉండీ లేనట్టే.

మారే అవకాశమున్న దేన్నీ బొమ్మలో కలిపేయకూడదు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడి ధర్మపురి జగిత్యాలలోకి, వేములవాడ రాజన్న సిరిసిల్లలోకి, బాసర నిర్మల్‌లోకి వెళ్లాయి. అడ్రసు విడి పొరగా ఉంటే ఒక్క మాట దిద్దితే సరి. బొమ్మలో అతికిపోయి ఉంటే మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది. భాషా అంతే. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. కాబట్టి గోండి పేర్లను బొమ్మగా అతికించాల్సిన పనిలేదు. తెలుగు పొర పక్కనే దిద్దుకోదగిన గోండి పొరను కూడా పెట్టుకోవచ్చు.

అసలు చిక్కు దేవుళ్ల దగ్గర కాదు, ‘ఆహ్వానించువారు’ దగ్గర వస్తుంది. అక్కడ భార్యాభర్తల జంట పేర్ల పొర ఒక్కటే ఉందనుకోండి. తండ్రి కాలంచేసిన పెళ్లికూతురి ఇంట్లో ఏం చేస్తారు? చిన్నాయన, చిన్నమ్మల పేర్లు అందులో రాసేస్తారు. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి పిల్లను పెంచిన తల్లి పేరు ఆ పిల్ల పెళ్లి కార్డులోనే కనిపించదు. ఇందులో ఆపరేటర్‌కు దురుద్దేశం లేదు, చిన్నాయనకూ లేదు. తల్లి ఒక్కతే పిలిచే పొర ఆ డిజైన్‌లో లేదు, అంతే! ‘తల్లి మాత్రమే’, ‘తండ్రి మాత్రమే’, ‘తాత, నాయనమ్మ’, ‘వధూవరులే’... ఇలాంటివన్నీ ముందే పెట్టి ఉంచితే ఏది తెరవాలో ఆ ఇంటివాళ్లే తేల్చుకుంటారు. అలాంటి పొరే లేకపోతే అడగాలన్న ఆలోచన కూడా చాలామందికి రాదు.

కార్డు కొట్టించే ఇంటివాళ్లు చేయాల్సిన పని కూడా ఒకటుంది. ప్రూఫ్‌ను షాపులోనే చూసి సరే అనకుండా ఇంటికి తెచ్చి తల్లికీ, పెళ్లికూతురికీ చూపించాలి. కనిపించేవాటిలో తప్పులు వెతకడంతో పాటు, కనిపించాల్సిన పేరేదైనా మూసుకుపోయిందేమో చూడాలి. అప్పటివరకూ షాపువాళ్లు పొరలున్న ఫైలును అలాగే ఉంచాలి. జేపెగ్‌గా మార్చేస్తే పొరలన్నీ కలిసిపోతాయి, విడదీయడం కుదరదు. దాచిన పేరును అచ్చుకు వెళ్లేలోపు ఎన్నిసార్లయినా బయటికి తేవచ్చు. కార్డులు ఊరంతా పంచాక మాత్రం ఆ వీలుండదు!