సగంలో మూసిన పుస్తకానికి మార్కులా?

మన సంఘం గ్రంథాలయంలో పుస్తకం తిరిగి యిచ్చేటప్పుడు అభిప్రాయం వ్రాసి, పదికి యిన్ని అని మార్కులు వేసే చిట్టా ఒకటి ఉన్నదని పాఠకులెరుగుదురు. మొన్న దానిని తిరగవేస్తుండగా విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' ఎదుట మూడు సున్నలు కనిపించాయి. ముగ్గురూ "పూర్తి చేయలేకపోయాము" అని దాచకుండా వ్రాశారు. మరి ఆ సున్నలు ఎవరికి వేసినట్టు?

ఆ నవల చిన్నది కాదు. సుబ్బన్నపేట కథ తాపీగా నడుస్తుంది. పాత్రలు ఎక్కువ, చర్చలూ ఎక్కువే. విసుగు పుట్టడం నేరం కాదు. అయితే 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ బహుమతిని దీనికీ, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'కూ కలిపి పంచారు. పరీక్షకులకే ఎక్కువ తక్కువలు తేల్చడం సులువు కానప్పుడు, సగంలో ఆగిన మనకు అంత తొందర దేనికి?

ఇతరులను అనడమెందుకు? మేమూ ఒకప్పుడు ఈ శీర్షికలోనే ఒక కొత్త కవిగారి పుస్తకం 20 పుటలు చదివి "పస లేదు" అని వ్రాసివేశాము. ఏడాది తరువాత రైలులో వేరే పుస్తకం లేక దానినే చివరిదాకా చదివాము. వెనుక పుటలలో తల్లిని గురించిన పద్యాలు చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. అప్పటికే ఆయన రెండవ పుస్తకం అచ్చువేసే ఆలోచన మానుకున్నారట. ఆ మాట ఇప్పటికీ మమ్ములను గుచ్చుతూనే ఉన్నది.

సున్న వేసినవారిలో ఒక అమ్మాయిని పిలిచి అడిగాము. "నేను బడిలో చదివింది తమిళమండీ. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ పుట దాటేసరికి వెనుకటి సంగతి మరచిపోతున్నాను" అన్నది. ఆ సున్న పుస్తకానిదీ కాదు, పిల్లదీ కాదు. ఇంట తెలుగు మాట్లాడుతూ అక్షరాలు నేర్పని పెద్దలది.

కనుక మా మనవి: చదవడం మానిన పుస్తకానికి మార్కులు వద్దు. ఏ పుటలో ఆగారో, ఎందుకు ఆగారో వ్రాయండి. "నచ్చలేదు" అన్నా మంచిదే, తరువాతివారికి పనికివస్తుంది. "భాష కొరుకుడు పడలేదు" అంటే పక్కన ఒక పెద్దను కూర్చోబెట్టవచ్చును.

ఆ అమ్మాయి 41వ పుటలో ఆగినది. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మేమూ కలిసి చదువుతున్నాము, 60 దాటాము. మీ ఇంట సగంలో మూసిన పుస్తకం ఏ పుటలో ఆగినదో చూచి, ఒక కార్డుముక్క వ్రాయండి.