మందు దొరికాక మొదలయ్యే పని

కేన్సర్ మాట వస్తే మనవాళ్ళలో ఎవరో ఒకరు యెల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎత్తుతారు. ఎత్తాల్సిందే. భీమవరంలో పుట్టిన మనిషి. లెడర్లీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి చూశాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. పదహారు మంది పిల్లల్లో పదిమందికి గుణం కనిపించింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

మనం కథ అక్కడితో ఆపేస్తాం. నాకు ఆసక్తి ఆ తర్వాతి భాగం మీద. ఆ గుణం నిలవలేదు, కొద్ది నెలల్లో జబ్బు తిరగబెట్టింది. ఇవాళ అమెరికాలో ఈ తరహా లుకేమియా వచ్చిన పిల్లల్లో నూటికి తొంభై మంది దాకా బతుకుతున్నారు. మందులు చూస్తే చాలావరకు పాతవే, అమినోప్టెరిన్‌కి తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. మరి మారిందేమిటి? ఒక్కో ఆస్పత్రికి ఏడాదికి వచ్చే పిల్లలు కొద్దిమందే. ఏ మోతాదు మేలో తేల్చడానికి ఆ లెక్క చాలదు. అందుకని 1955 నుంచి ఆస్పత్రులన్నీ జట్లు కట్టి ఒకే పద్ధతిలో మందిచ్చి, ఒకే ఫారం నింపి, లెక్కలన్నీ ఒకచోట కలిపాయి. 2000లో అలాంటి నాలుగు జట్లు కలిసి చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ అయింది.

నేనుండే బాతెల్‌లో సియాటిల్ జెనెటిక్స్ అనే కంపెనీ ఉండేది (తర్వాత సీజెన్ అన్నారు). 2023లో ఫైజర్ దాన్ని 43 బిలియన్ డాలర్లకి కొంటే పేపర్ల నిండా అదే. పక్కనే సియాటిల్‌లో, దేశమంతా పెద్దవాళ్ళ కేన్సర్ల మీద ప్రయోగాలు చేసే స్వాగ్ అనే జట్టుకి లెక్కలు చూసే కేంద్రం ఉంది. దాని గురించి మా వీధిలో అడిగితే ఒక్కరూ చెప్పలేరు. ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే ఆస్పత్రిని అడిగి రాబట్టే ఉద్యోగం వార్త ఎలా అవుతుంది లెండి.

మన దేశంలోనూ ఆ ప్రయత్నం ఉంది. టాటా మెమోరియల్ ముందుండి 2012లో మొదలుపెట్టిన నేషనల్ కేన్సర్ గ్రిడ్‌లో ఇప్పుడు 300కి పైగా కేంద్రాలున్నాయి. కానీ పిల్లల లుకేమియా వైద్యం రెండేళ్ళ పైమాటే. పిల్లాడు కాస్త తేరుకోగానే, చేతిలో డబ్బయిపోగానే, మధ్యలో మానేసే కుటుంబాలున్నాయి. వాయిదా తప్పిన రోజే ఫోన్ చేసి, బస్సు ఖర్చుల సంగతి కనుక్కుని, వెనక్కి రప్పించే మనిషి కావాలి. లేకపోతే పిల్లాడూ పోతాడు, ఆ లెక్కా పోతుంది.

"దానికి ఓ యాప్ రాసేద్దాం" అంటారు నా సాటి సాఫ్ట్‌వేర్ మిత్రులు. యాప్ గుర్తుచేస్తుంది, నిజమే. కూలి పోతుందని భయపడుతున్న తండ్రికి సర్దిచెప్పలేదు కదా!

మన సంఘాలు ఆస్పత్రికి చందా అనగానే భవనమో, మిషనో అంటాయి. జీతానికి ఇద్దామంటే మొహాలు చూసుకుంటారు. జీతానికి శిలాఫలకం వెయ్యలేం మరి! ఈసారి చందాల మీటింగులో నా ప్రతిపాదన ఇదే: ఒక ఆస్పత్రి, ఒక కోఆర్డినేటరు, మూడేళ్ళ జీతం. ఫోన్ బిల్లు అదనం.