కొల్లేటి కాంటూరు, వయోమింగ్ బేరం

కైకలూరు, ఆకివీడు వైపు ఎన్నికల సభల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్న హామీ ఒకటుంది. కొల్లేరు సరస్సు అభయారణ్యం కాంటూరును, అంటే దాని హద్దును తేల్చే ఎత్తు గీతను, కుదిస్తాం, ఐదు నుంచి మూడుకు తెస్తాం. ఇందులో పార్టీల తేడా పెద్దగా లేదు. అధికారంలో ఉన్నప్పుడు కేంద్రం ఒప్పుకోవడం లేదంటారు, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు రాష్ట్రానికి చిత్తశుద్ధి లేదంటారు. పాతికేళ్లుగా ఈ వ్యవహారం అక్షరాలా కొల్లేటి చాంతాడే.

ఇది ఢిల్లీ మన నెత్తిన రుద్దిన గొడవ అని చాలామంది అనుకుంటారు. కాదు. 1999 అక్టోబరులో 120వ నంబరు జీవోతో +5 కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, దాదాపు 77 వేల ఎకరాలు, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది రాష్ట్ర ప్రభుత్వమే. అంతకుముందు 1970లలో మత్స్యకారుల సొసైటీలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులకు నేల ఇచ్చిందీ రాష్ట్రమే. ఆ చెరువులు సొసైటీల పేరు మీదే ఉంటూ లీజుల దారిలో పెట్టుబడిదారుల చేతికి పోతుంటే చూస్తూ కూర్చున్నదీ అదే. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. సుప్రీంకోర్టు, అది వేసిన కేంద్ర సాధికార కమిటీ కన్నెర్ర చేశాక, 2005, 2006లలో వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పేలుడు పదార్థాలు పెట్టి మరీ చెరువుల గట్లు తెంచింది. రెండేళ్లు తిరిగాయో లేదో, 2008లో అదే ప్రభుత్వ హయాంలో అభయారణ్యాన్ని +3కి, అంటే దాదాపు 135 చదరపు కిలోమీటర్లకు, కుదించమని అసెంబ్లీ తీర్మానం చేసింది.

తీర్మానం ఢిల్లీ వెళ్లింది, అక్కడే ఆగింది. ఒకప్పుడు రాష్ట్ర శాసనసభ తీర్మానం ఉంటే అభయారణ్యం హద్దు మార్చుకోవచ్చు. 2002లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి ఆ తాళంచెవిని జాతీయ వన్యప్రాణి బోర్డు చేతికిచ్చారు. 2010లో కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వచ్చి చూసి, +5 ఉండాల్సిందే అంది. రాజ్యాంగం లెక్కన భూమి, చేపల పెంపకం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అడవులు, అడవి జంతువులు, పక్షులు మాత్రం 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు మారాయి. నేల రాష్ట్రానిది, చేప రాష్ట్రానిది, కొల్లేటి ఆటపాకలో గూడుకట్టే గూడబాతు మాత్రం ఇద్దరిదీ. తగువు రాక ఏమవుతుంది?

ఇలాంటి తగవుకు అమెరికా పశ్చిమ రాష్ట్రాలు పెట్టింది పేరు. యూటా రాష్ట్రంలో మూడింట రెండొంతుల దాకా నేల ఫెడరల్ ప్రభుత్వానిదే. 1906 నాటి పురాతన వస్తు సంరక్షణ చట్టం కింద అధ్యక్షుడు ఒక్క సంతకంతో అక్కడి ప్రభుత్వ భూమిని జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించవచ్చు. 2016 డిసెంబరులో ఒబామా అలా బేర్స్ ఇయర్స్‌ను 13 లక్షల ఎకరాలకు పైగా ప్రకటించారు. ఏడాది తిరక్కుండా ట్రంప్ అందులో 85 శాతం కోసేశారు. 2021 అక్టోబరులో బైడెన్ మళ్లీ కలిపారు. అధ్యక్షుడు మారితే హద్దు మారుతుంది. ఈ ఒక్క విషయంలో మన చట్టమే మేలు. మన హద్దు ఏ ముఖ్యమంత్రి సంతకానికీ కదల్లేదు.

అయితే మనం నేర్చుకోవలసింది యూటాలో కాదు, దాని పక్కనే ఉన్న వయోమింగ్‌లో, అదీ ఎనభై ఏళ్ల కిందట. 1943 మార్చిలో రూజ్‌వెల్ట్ జాక్సన్ హోల్ లోయలో 2 లక్షల 20 వేల ఎకరాలను స్మారక ప్రాంతం చేశారు. రాక్‌ఫెల్లర్ వారసుడు ఒక కంపెనీ పేరుతో గుట్టుగా కొని, దానంగా ఇస్తానన్న ముప్పై వేల పైచిలుకు ఎకరాలు కూడా అందులో ఉన్నాయి. పశువుల కాపరులు మండిపడ్డారు. తుపాకులు పట్టుకుని, ఐదు వందలకు పైగా పశువులను ఆ నేల మీదుగా తోలుకుపోయారు. వాలెస్ బీరీ అనే హాలీవుడ్ నటుడు ముందు నిలిచాడు. సినిమా వాళ్లు జనం తగవుల్లోకి దిగడం మన ఒక్కరికే సొంతం కాదన్నమాట. రాష్ట్రం కోర్టుకెక్కింది, ఓడింది. అమెరికా కాంగ్రెస్ రద్దు బిల్లు పాస్ చేసింది, రూజ్‌వెల్ట్ సంతకం పెట్టలేదు. ఏడేళ్లు ఇలాగే నడిచింది.

1950లో బేరం కుదిరింది. ఆ నేలలో చాలా భాగం గ్రాండ్ టీటన్ జాతీయ పార్కులో కలిసింది. బదులుగా, అప్పటికే మేత హక్కులున్న కాపరులకు, వారి వారసులకు ఆ హక్కు కొనసాగేలా చట్టంలోనే రాశారు. పన్ను రాబడి పోయిన స్థానిక ప్రభుత్వానికి కొన్నేళ్లపాటు పరిహారం కట్టారు. ఇకమీదట వయోమింగ్‌లో కాంగ్రెస్ ఒప్పుకోకుండా కొత్త స్మారక ప్రాంతం పెట్టకూడదన్నారు. ఈ చివరి షరతు నాకు నచ్చదు. ఒక్క రాష్ట్రానికి చట్టం నుంచి మినహాయింపు ఇవ్వడం లంచంలాంటిదే. కానీ హద్దు మాత్రం నిలిచింది. ఆనాడు పశువులు తోలినవారిలో ఒకడైన క్లిఫర్డ్ హాన్సెన్ తర్వాత గవర్నరూ సెనేటరూ అయ్యాడు, తాము ఓడిపోవడమే మంచిదైందని ఒప్పుకున్నాడు.

జాక్సన్ హోల్‌లో ఉన్నది కొద్దిమంది కాపరులు. కొల్లేటి లంకల్లో ఊళ్లకు ఊళ్లున్నాయి, తరాలుగా వలే బతుకైన వడ్డీ కులస్థులున్నారు, పట్టాలున్న రైతులున్నారు. అక్కడి మందు ఇక్కడ అదే మోతాదులో పనిచెయ్యదు. అయినా తేడా ఎక్కడుందో చూడండి. వాళ్లు హద్దును, హక్కుల లెక్కను ఒకే కాగితం మీద తేల్చారు. మనం హద్దు 1999లో గీసి, లెక్క వాయిదా వేశాం.

ఆ లెక్క తేల్చే దారి మన చట్టంలో లేక కాదు. అభయారణ్యంలో ఎవరికి ఏ హక్కుందో కలెక్టరు విచారించాలి. భూమిని హద్దు నుంచి మినహాయించవచ్చు, డబ్బిచ్చి సేకరించవచ్చు, లేదా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారితో సంప్రదించి ఆ హక్కును కొనసాగనివ్వవచ్చు. కొల్లేరు అభయారణ్యంలో జిరాయితీ భూమి, అంటే పట్టా ఉన్న సొంత భూమి, దాదాపు 15 వేల ఎకరాలు. ఆ రైతు తన నేల తనదో కాదో తెలియక, అమ్ముకోలేక, చెరువు తవ్వితే కేసు, తవ్వకపోతే నష్టం అన్న స్థితిలో ఉన్నాడు. అతని బాధ నిజం. నిజం కాబట్టే ప్రతి సభలోనూ అతన్ని ముందు నిలబెడతారు.

అతని వెనక ఎవరున్నారో తెలియాలంటే కూడికలూ తీసివేతలూ చాలు. +5 నుంచి +3కి తగ్గిస్తే బయటపడే నేల 40 వేల ఎకరాలకు పైనే. పదిహేను వేల ఎకరాల బాధకు నలభై వేల ఎకరాల మందు అడుగుతున్నారు.

ఆ నేల ఊరికే పడి ఉన్నదీ కాదు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య వరద నిలిచే చోటు అదే. బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడతాయి, సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత ఆ నీళ్లు కొల్లేటికి చేరి, ఏలూరు, కైకలూరు మధ్య రోడ్డెక్కాయి. మూడో కాంటూరు పైన గట్లు లేస్తే ఆ నీళ్లు చెరువు యజమాని ఇంటికి కాదు, లంకల్లోని ఇళ్లకే వెళ్తాయి.

జిరాయితీ రైతుకు ఎకరానికి ఎంతో తేల్చి చెల్లించమని, లేదా తవ్వకం లేని సాగుకు అనుమతి రాసివ్వమని అడగడానికి జాతీయ బోర్డు గుమ్మం దగ్గర పడిగాపులు పడనక్కర్లేదు. సేకరణకు డబ్బు కావాలి, దాన్ని కేంద్రం, రాష్ట్రం కలిసి భరించాలని పోట్లాడితే ఆ పోట్లాటలో న్యాయం ఉంది. ముందు ఆ 15 వేల ఎకరాల బాకీ తీరనివ్వండి. మిగిలిన పాతిక వేల ఎకరాలను ఎవరి పేరు చెప్పి అడుగుతారో అప్పుడు చూద్దాం.