నెట్టుకొస్తున్నారు కదా!

ఆటిజం ఉందని వైద్యులు నిర్ధారించిన మొట్టమొదటి పిల్లవాడు 2023లో కన్నుమూశాడు, 89 ఏళ్ల వయసులో. పేరు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరు అతనిది. 1938లో తల్లిదండ్రులు అతణ్ని బాల్టిమోర్‌లో ఉన్న లియో కానర్ అనే మనోవైద్యుడికి చూపించారు. 1943లో కానర్ రాసిన వ్యాసంలోని 11 మంది పిల్లల్లో మొదటివాడు ఇతనే. ఇంతవరకూ పుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాత డొనాల్డ్ డిగ్రీ చదివాడని, సొంత ఊరి బ్యాంకులో ఉద్యోగం చేశాడని, గోల్ఫ్ ఆడాడని, కారు నడిపాడని, ఒంటరిగా దేశాలు తిరిగాడని చెప్పేవాళ్లు తక్కువ. కుటుంబానికి డబ్బుంది, ఊరికి ఓర్పుంది, అది వేరే సంగతి. ఆ మొదటి పిల్లవాడు జీవితంలో ముప్పాతిక భాగం పెద్దవాడిగానే గడిపాడు. మనకు మాత్రం ఇప్పటికీ ఆటిజం అంటే స్పీచ్ థెరపీ సెంటర్ బోర్డు మీద రంగుల బొమ్మల మధ్య కూర్చున్న మూడేళ్ల పిల్లాడే.

ఇప్పుడు ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లు తమ కోసం ఆ సెంటర్ల తలుపు తడుతున్నారు. కొందరు పిల్లల వెంట వస్తారు. కొడుక్కి పరీక్ష చేయిస్తుంటే సైకాలజిస్టు వరసగా అడుగుతారు: పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా? చొక్కా లేబుల్ గుచ్చుకుంటోందని గొడవ చేస్తాడా? రోజూ వెళ్లే దారి మారిస్తే ఏడుస్తాడా? జవాబులు చెబుతున్న తండ్రికి సగం తన గురించే చెబుతున్నట్టు అనిపిస్తుంది. ఆటిజంలో వంశపారంపర్యం పాలు ఎక్కువ కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతంతా ఆ తర్వాతే. "మరి నా సంగతేంటండీ?" అని ఆయన నోరు తెరిచి అడిగితే వచ్చే జవాబు: "మీకేం సార్, ఉద్యోగముంది, పెళ్లయింది, పిల్లలున్నారు. నెట్టుకొస్తున్నారు కదా!"

నా పేచీ ఈ జవాబుతోనే. మన సైకియాట్రిస్టుల బల్లల మీద కూడా ఉండే డీఎస్ఎం-5 (2013 నాటి అమెరికన్ వర్గీకరణ) ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. లక్షణాలు చిన్నతనంలోనే ఉండాలి. అయితే నలుగురితో మెలగాల్సిన భారం మనిషి శక్తిని మించేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చు, పెరిగేకొద్దీ నేర్చుకున్న ఉపాయాల చాటున దాగిపోవచ్చు. కాబట్టి నెట్టుకొస్తున్నాడన్నది ఆటిజం లేదనడానికి రుజువు కాదు. ఎంత ఖర్చుతో నెట్టుకొస్తున్నాడో అడగాలి. మీటింగులో చెప్పబోయే ప్రతి వాక్యాన్నీ ముందే మనసులో రాసుకుని, పక్కవాళ్లు నవ్వితే చూసి నవ్వి, ఇంటికొచ్చాక లైటు కూడా వేయకుండా గంటసేపు గదిలో పడుకుంటే తప్ప పెళ్లాంబిడ్డలతో మాట్లాడలేని మనిషి లెక్కల్లో 'బాగానే ఉన్నాడు'.

మన దగ్గర ఆ భారం ఎప్పుడు మీద పడుతుందో గమనించండి. కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లను నేను ఈ శీర్షికలోనే తిట్టాను, మళ్లీ తిడతాను కూడా. కానీ తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బెల్లు మీద నడిచే ఆ రోజుల్లో కొందరు పిల్లలు నిజంగానే హాయిగా ఉంటారు. తర్వాతి గంటలో ఏం జరుగుతుందో తెలుసు. కబుర్లాడాల్సిన పనిలేదు. ఎవరితోనూ కలవడన్నది అక్కడ ఫిర్యాదు కాదు, మెచ్చుకోలు. ర్యాంకొస్తుంది, సీటొస్తుంది, ఉద్యోగమూ వస్తుంది. ఆపైన మొదలవుతుంది అసలు తంటా: టీమ్ లంచ్‌లు, సగం చెప్పి సగం మింగే మేనేజరు, రాత్రికి రాత్రి మారిపోయే డెడ్‌లైన్లు. కోడ్ బాగా రాస్తాడని టీమ్ లీడ్‌ను చేస్తే కొన్నాళ్లకే నిద్ర కరువవుతుంది. "అన్ని మార్కులొచ్చినవాడికి ఇప్పుడేమొచ్చిందీ?" అంటారు ఇంట్లో. కొత్తగా వచ్చిందేమీ లేదు. ఇన్నాళ్లూ నిలబెట్టిన టైమ్‌టేబుల్ పోయింది, అంతే.

ఆడపిల్లల సంగతి ఇంకా చిక్కు. తల దించుకుని వెళ్లి తల దించుకుని రావాలని పెంచిన ఇంట్లో, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడకపోవడం ఒక లక్షణమని ఎవరికి తోస్తుంది? నలుగురిలో నోరు విప్పకపోతే బుద్ధిమంతురాలు. అక్క ఎలా పలకరిస్తే అలా పలకరించడం, సీరియల్లో వాళ్లను చూసి ముఖం పెట్టడం నేర్చుకుంటే మరీ మంచిది. ఇదంతా పెళ్లిదాకా నడుస్తుంది. అత్తారింట్లో నియమాలు ఎవరూ పైకి చెప్పరు. ఎవరు తిన్నాక తినాలి, వచ్చినవాళ్లకు కాఫీ అడిగి ఇవ్వాలా అడక్కుండా ఇవ్వాలా, "నీ ఇష్టం వదినా" అని ఆడపడుచు అన్నప్పుడు ఇష్టం నిజానికి ఎవరిది, అన్నీ గాల్లోంచి పట్టుకోవాలి. వంటింట్లో మిక్సీ, కుక్కర్ విజిల్, హాల్లో టీవీ ఒక్కసారే మోగుతుంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. మూసుకుంటే పొగరు, గదిలోకి పోతే మరీ పొగరు. రెండు మూడేళ్లకు డిప్రెషన్ అని మాత్రలు రాస్తారు. డిప్రెషన్ ఉన్నమాట నిజమే. కానీ దాని అడుగున ఏముందో చూడటానికి చిన్నప్పటి సంగతులు అడగాలి, వరసలో ఇంకో నలభైమంది కూర్చున్న ఓపీలో ఆ తీరిక ఎవరికుంది?

ఆ చిన్నప్పటి సంగతులే అసలు ఆధారం. రక్తపరీక్షతో తేలేది కాదు, స్కానింగులో కనబడేదీ కాదు. అమ్మనో పెద్దక్కనో కూర్చోబెట్టి మాట్లాడించాలి. "చిన్నప్పుడేమైనా సమస్య ఉండేదా అమ్మా?" అంటే ఏ తల్లయినా లేదనే అంటుంది. "మావాడికేం తక్కువండీ? వాళ్ల తాతయ్యా అంతే. రోజూ అదే కంచం, అదే మూల. అరవై సంవత్సరాల పేర్లూ అక్షయ నుంచి ప్రభవ దాకా వెనక్కి చదివేవారు. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం పెరటి దారిన పొలానికి పోయేవారు." కొడుక్కేమీ లేదని చెప్పబోయి ఆవిడ రెండు తరాల సాక్ష్యం ఇచ్చేసింది. ఏం తినేవాడు, ఎవరితో ఆడేవాడు, బడి మారినప్పుడు ఏం చేశాడు అని అడగడం తెలిసినవాళ్లకే అది అందుతుంది.

ఇక వైకల్య సర్టిఫికెట్. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది, పిల్లలకే అని ఎక్కడా అనలేదు. శాతం లెక్కకట్టే 'ఇసా' అనే కొలమానం మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనే పుట్టింది. మొత్తం 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. కూడితే 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్టే. ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో అంశాలు చూస్తేనే తెలుస్తుంది: కళ్లలోకి చూడకపోవడం, ఒంటరిగా ఒకే ఆట ఆడుకోవడం, ప్రమాదమంటే భయం లేకపోవడం. కనుబొమల మధ్య చూస్తే కళ్లలోకి చూసినట్టే ఉంటుందని పదేళ్ల వయసులోనే కనిపెట్టుకున్న మనిషికి, ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో కూర్చున్న ఆ కాసేపట్లో ఎన్ని మార్కులు పడతాయి? ఎంత కష్టపడి దాచడం నేర్చుకున్నాడో అంత తక్కువ పడతాయి. పిల్లలకు అది పనికొచ్చే సాధనమే. పెద్దవాళ్ల కోసం మరొకటి తయారుచేయాల్సిన బాధ్యత కూడా ఆ సంస్థదే అంటాను.

మాటలు రాని పాతికేళ్ల కొడుక్కి ఇప్పటికీ అన్నం తినిపిస్తున్న తల్లి ఈ వాదన వింటే ఒళ్లు మండిపోతుంది. ప్రభుత్వోద్యోగాల్లో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నింటికీ కలిపి ఉన్నది 1 శాతం. అందులోకి కూడా సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చిపడతారా అని ఆవిడ అడిగితే ఆ కోపం న్యాయమే. రాత్రింబవళ్లు తోడు అవసరమైనవాళ్లకు వేరే పేరు ఉండాలని 2021లో లాన్సెట్ కమిషన్ సూచించింది కూడా అందుకే. సాయం అవసరాన్ని బట్టే పంచాలి. కానీ నాకు తెలిసినంతలో ఈ పెద్దవాళ్లు అడిగేది కోటా కాదు. పని నోటితో కాకుండా మెయిల్‌లో చెప్పమంటారు, తలుపు పక్కన కాకుండా మూల సీటు అడుగుతారు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోనివ్వమంటారు. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానం ప్రకటించి అందులో ఇలాంటి వసతులు రాయాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. మీ ఆఫీసులో అదెక్కడుందో హెచ్ఆర్‌ను ఒకసారి అడగండి. వెతకడానికి వాళ్లకు ఎన్నాళ్లు పడుతుందో చూడటం కూడా సరదాగానే ఉంటుంది.

ఫోన్లో దొరికే టెస్టుల గురించి ఒక్క మాట. అందరూ చేసుకునే ఏక్యూ కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2001లో ప్రచురించిన 50 ప్రశ్నల జల్లెడ. అనుమానం ఉంటే ముందుకు వెళ్లమంటుంది, అంతకుమించి ఏమీ తేల్చదు. పైగా పార్టీ ఇష్టమా లైబ్రరీ ఇష్టమా అనేలాంటి ప్రశ్నలు. వెయ్యిమంది వచ్చే పెళ్లికి వెళ్లకపోతే ఐదేళ్లు మాటలుండని ఊళ్లో ఇష్టాయిష్టాలు ఎవరడిగారు? నలుగురిలో బెదురు, ఏడీహెచ్‌డీ, ఓసీడీ, చిన్ననాటి దెబ్బలు కూడా పైకి ఆటిజంలాగే కనిపించగలవు. మంచి సైకాలజిస్టు అన్నీ విని "కాదు" అనవచ్చు. కారణం చెప్పి వేరే దారి చూపిస్తే ఆ ఫీజు దండగేమీ కాదు.

పేరు బయటపడితే ఏమవుతుందోనన్న భయం ఉత్తది కాదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ విడాకుల కారణాల్లో మానసిక రుగ్మతను చేర్చి, మనోవికాసం ఆగిపోవడాన్ని, అసంపూర్ణంగా ఉండటాన్ని కూడా దాని వివరణలో కలిపింది. కలిసి బతకలేనంత తీవ్రత ఉందని రుజువు చేయాలి, ఉత్త రిపోర్టు చాలదు. అయినా ఎదుటి లాయరు చేతికి ఆ రిపోర్టు ఎందుకివ్వాలి అనుకునేవాళ్లను నేను తప్పుపట్టను. తెలుసుకోవడానికి సదరం దాకా వెళ్లనక్కర్లేదు. సర్టిఫికెట్ తీసుకోకుండానే నిర్ధారణ చేయించుకోవచ్చు.

వెళ్లదలచుకుంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టునో, సైకియాట్రిస్టునో చూడండి. పెద్దవాళ్లను చూసిన అనుభవం ఉందా, అమ్మతో విడిగా మాట్లాడతారా అని ఫోన్లోనే అడగండి. ఒక్క సిట్టింగులో తేల్చేస్తామంటే వద్దనండి. పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే పట్టుకెళ్లండి. మార్కులు కాదు, అడుగున క్లాసు టీచరు రాసిన వాక్యం కావాలి. ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో ఓ రెండు వారాలు రాసి అది కూడా ఇవ్వండి. డాక్టరు ముందు గంటసేపు మీరు చక్కగా మాట్లాడేస్తారు. ఆ తర్వాత ఇంట్లో ఏమవుతుందో ఆయనకు ఆ కాగితంలోనే తెలియాలి.