ఆ సంతకం ఒక అమానతు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఎగువన జలాశయాలు వెలిశాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. నగర ప్రణాళిక విలువను ఆ తరం ప్రాణాలు చెల్లించి నేర్చుకొన్నది.

నేడు ఆ బాధ్యత నగరపాలక కమిషనరుది, ఆయన క్రింద పనిచేసే ప్రణాళికాధికారులది. ఇంటి ప్లాను వచ్చినప్పుడు చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలాన్ని, వీధి వెడల్పును, నాలా హద్దును వారు సరిచూడాలి. అధికారి కాదంటే మనకు కోపం వస్తుంది. కాని ఆ నిరాకరణ ఎవరి కొరకు? అగ్నిమాపక వాహనం చేరవలసిన పొరుగింటి కొరకు, నాలా ప్రక్కన నిద్రించే పసిబిడ్డ కొరకు. వారు ఆ కార్యాలయానికి వచ్చి అడుగలేరు. కనుక అధికారి సంతకం వారి అమానతు. సిఫారసుతోనో లంచంతోనో మనం పొందే అనుమతి వారి నుండి లాక్కొన్నదే.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలు తెలిపేందుకు ప్రజలకు గడువు ఇస్తారు. ఆనాడు మౌనం వహించి, వరదనాడు అధికారిని నిందించడం న్యాయమా? ముందుగా మన ప్రహరీగోడ ఎక్కడ నిలిచి ఉన్నదో చూసుకొందాం.