మామ్మ చేతికి తెలిసిన రేడియో



ఈ నెల ఒక రేడియో సంగతి వ్రాస్తున్నాము. రేడియో అని పేరే గాని అది ఏ స్టేషనునూ పట్టదు. మా సంఘములోని ఒక మామ్మ కొరకు నర్సీపట్నంలో ఒక మెకానిక్ చేత ప్రత్యేకముగా చేయించినది. మొదటిసారి చేయించినది పనికిరాలేదు. తప్పు మాదే గనుక అది కూడా చెప్పాలి.

మామ్మది రోలుగుంట దగ్గర పల్లె. వయస్సు ఎనభై దాటింది. చూపు పూర్తిగా పోయింది. అక్షరం రాదు, అయినా మేము కీర్తన చదువుతూ ఒక మాట తప్పితే ఆమె తల ఎత్తుతుంది. ఇదంతా చెవి ద్వారా వచ్చిన చదువే. భర్త బ్రతికి ఉన్న రోజుల్లో ఇంట్లో ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. హిందూ మహాసముద్రములోని సీషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియో 1970 మొదలు 2003 వరకు షార్ట్‌వేవ్ మీద మన దేశమునకు సువార్త కార్యక్రమములు పంపేది. గరగరల మధ్య చెవి ఒగ్గి, ఆ పెట్టె చుట్టూ కూర్చుని విన్నవారు మీలోనూ ఉంటారు. తరువాత ఆ ట్రాన్సిస్టర్ మూగబోయి అటకెక్కింది. కొడుకు వలస వెళ్తూ టచ్ ఫోను ఒకటి ఇచ్చి వెళ్ళాడు. నున్నటి అద్దం మీద చూపు లేని వేలికి ఏమి తెలుస్తుంది?

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, ఆదివారం ఇన్నది బుధవారానికి మరిసిపోతన్నాను. మిగతా రోజులు నాకేటీ నేదు" అన్నది. ఆ మాట మమ్మును నిద్రపోనివ్వలేదు.

ఇటువంటి అక్కర క్రొత్తది కాదు. హోండూరాస్‌లో మిషనరీగా ఉండి, జబ్బుపడి తిరిగి వచ్చిన జాయ్ రిడ్డర్‌హాఫ్ అనే సహోదరి 1939లో లాస్ ఏంజెలెస్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ పరిచర్య ప్రారంభించింది. ఆ పరిచర్యవారు తరువాతి కాలములో కరెంటు లేని ఊళ్ళ కొరకు అట్టతో మడిచే గ్రామఫోను తయారు చేశారు. దాని పేరు కార్డ్‌టాక్. పెన్సిలుతోనో పుల్లతోనో రికార్డును చేత్తో త్రిప్పితే మాట వినబడేది. ఈ కాలములో ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే సంస్థవారి ప్రొక్లెయిమర్ ఉన్నది. ఎండతో చార్జి అవుతుంది, పిడి త్రిప్పినా చార్జి అవుతుంది. అయితే అది పదిమంది కూడి వినడానికి చేసినది. మాకు కావలసినది ఒక్క మనిషికి.

మేము మెకానిక్ దగ్గరకు వెళ్ళి మా కోరికలన్నీ చెప్పాము. బ్లూటూత్ ఉండాలి, ఎఫ్.ఎం. ఉండాలి, టార్చిలైటు ఉండాలి, మైకు పెట్టుకొనే వీలుండాలి. "ఎవరు వాడతారు పాస్టర్ గారూ?" అని అడిగాడు. "ఒక ముసలమ్మ" అన్నాము. ఆయన మా వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అనలేదు. రెండు వారాలకు నీలం లైట్లు వెలిగే పెట్టె వచ్చింది. గృహ కూటములో ప్రార్థన చేసి మామ్మ ఒడిలో పెట్టాము. ఫోటో కూడా తీయించుకొన్నాము.

ప్రతి ఆదివారం "పెట్టె ఎలాగుంది మామ్మా?" అని అడిగేవారము. "బాగుందయ్యగారూ" అనేది. రెండు నెలల తరువాత వారి కోడలు బియ్యం డబ్బా ప్రక్కనున్న ట్రంకుపెట్టె తెరిచి చూపించింది. పాత చీరలో చుట్టి ఉన్నది.

జరిగినది ఇది. పెట్టె ఆన్ చేయగానే ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో గట్టిగా అరుస్తుంది. మామ్మ జడుసుకొన్నది. ఒకే మీట కొంచెం నొక్కితే పాట మారుతుంది, నొక్కిపట్టి ఉంచితే శబ్దం తగ్గుతుంది. వణికే వేలికి కొంచెమేదో, పట్టి ఉంచడమేదో ఎక్కడ తెలుస్తుంది? అన్నింటికంటె పెద్ద తప్పు, ఒకటవ కీర్తన అయ్యాక పదవది వచ్చింది, ఆ తరువాత నూరవది. ఫైళ్ళకు 1, 2, 3 అని పేర్లు పెడితే ఇటువంటి యంత్రములు 1 తరువాత 10, 100 తీసుకొంటాయి. 001, 002 అని పెట్టి ఉంటే వరుసగా వచ్చేవి. కీర్తనల వరుస నోటికి వచ్చిన మనిషి కదా, తానే ఏదో నొక్కి పాడుచేశాననుకొన్నది. "డబ్బులెట్టి తెచ్చినారు, ముసిల్దాయి పాడుసేసినాదంటే మీరేటనుకుంతారోనని" అన్నది.

బర్తిమయి గ్రుడ్డివాడని యెరికోలో అందరికీ తెలుసు. అయినా ప్రభువు అతనిని దగ్గరకు పిలిపించి, నేను నీకేమి చేయగోరుచున్నావని అడిగిన తరువాతనే స్వస్థపరచాడు. మార్కు సువార్త పదియవ అధ్యాయములోని ఆ భాగము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. మామ్మను మాత్రం ఒక్క మాట అడగలేదు.

మరుసటి వారం మెకానిక్‌ను మా మోటారు సైకిలు మీద మామ్మ ఇంటికే తీసుకువెళ్ళాము. ఆయన అటక మీద పడి ఉన్న పాత ట్రాన్సిస్టర్ దింపించి, దుమ్ము దులిపి ఆమె చేతిలో పెట్టాడు. ఎడమ చేయి తిన్నగా ఎడమ బిరడా మీదికి వెళ్ళింది. "టక్" మని త్రిప్పింది. లోపల ప్రాణం లేని ఆ పెట్టె చేతిలో పట్టుకొని నవ్వింది. "అయితే ఇందులోనే పెడదాం" అన్నాడు మెకానిక్.

ఆ డొల్లలో ఇప్పుడు ఉన్నది డి.ఎఫ్. ప్లేయర్ అనే చిన్న బోర్డు, అగ్గిపెట్టె కంటె చిన్నది. గోరంత మెమరీ కార్డులోని శబ్దమును చదివి స్పీకరుకు ఇస్తుంది. దానికి 01 నుండి 99 వరకు అరలు పెట్టవచ్చు, ఒక్కొక్క అరలో 255 ఫైళ్ళు. నూట యాభై కీర్తనలూ ఒకే అరలో ఇమిడిపోయాయి. దానిని నడిపేందుకు ఆర్డుయినో అనే మరొక బోర్డు. దానికి ప్రోగ్రాము మెకానిక్ మేనల్లుడు వ్రాశాడు, పాలిటెక్నిక్ కుర్రవాడు. ఎడమ బిరడా త్రిప్పితే ఆన్ అవుతుంది, ఇంకా త్రిప్పితే శబ్దం పెరుగుతుంది. కుడి బిరడా ఆరుచోట్ల టక్కుమని ఆగుతుంది. ఏ అధ్యాయం దగ్గర ఆపారో జ్ఞాపకం ఉంచుకొంటుంది. అంతే, మీటలు లేవు, లైట్లు లేవు, అరిచే ఆడమనిషి లేదు.

ఆరుచోట్ల ఏవి ఉండాలో ఈసారి అడిగాము. కీర్తనలు, నాలుగు సువార్తలు, ఆరవచోట మన గుడి పాటలు అన్నది. మా ప్రసంగములు అడుగుతుందేమోనని కాసేపు ఎదురుచూశాము. అడగలేదు. మాట శబ్దమునకు 64 కె.బి. రేటు చాలు, గంటకు దాదాపు 29 ఎం.బి. పడుతుంది. పాత 4 జి.బి. కార్డే ఎంతో మిగిలిపోయింది. వాక్యము రికార్డింగులు స్వంత వాడుకకు అనుమతి ఉన్నచోటి నుండి మాత్రమే తీసుకొన్నాము. పాటలు మా యౌవనస్థులు మందిరములోనే పాడి ఇచ్చారు.

చార్జింగు దగ్గర ఇంకొక దెబ్బ తగిలింది. ఫోను పిన్నుకు పైనా క్రిందా ఉంటుంది, చూపు లేనివారికి కష్టమని గుండ్రటి పిన్ను పెట్టించాము. డిష్ బాక్సు అడాప్టరు పిన్ను కూడా అదే లావు. మనుమడు తెలియక అది గుచ్చాడు. లోపలి లిథియం సెల్లును చార్జి చేసే బోర్డుకు కావలసినది 5 వోల్టులు, వచ్చినది 12. బోర్డు మాడి వాసన వచ్చింది. సెల్లు పొంగలేదు, దేవునికి స్తోత్రం. లిథియం సెల్లు పొంగితే అంటుకొనే ప్రమాదం ఉన్నది. మీ ఇళ్ళలోనూ పిన్ను పట్టింది గదా అని ఏ అడాప్టరు పడితే అది పెట్టకండి. దాని మీద వోల్టులు చూడండి. చార్జి పెట్టి దిండు క్రింద ఉంచకండి. ఇప్పుడు మెకానిక్ పాత నోకియా ఫోనుకు ఉండే సన్న పిన్ను వేసి ఇచ్చాడు. డిష్ అడాప్టరు అందులో దూరదు.

మొత్తం 1,650 రూపాయలైంది. సామాను ఖర్చు సగం, కూలి సగం. దేవుని పనికి కూలి ఎందుకివ్వాలని మా పెద్ద ఒకరు అన్నారు. బెసలేలు చేతిపనికి దేవుని ఆత్మ కావలసి వచ్చిందని నిర్గమకాండములో చదువుతాము, మెకానిక్ దగ్గరకు వచ్చేసరికి ఉచితముగా చేయమంటాము. ఆయన మన విశ్వాసి కాడు. మూడుసార్లు తన దుకాణం కట్టేసి పల్లెకు వచ్చాడు. మేము అడిగినంత ఇచ్చి, భోజనం పెట్టి పంపాము.

పోయిన బుధవారం సాయంత్రం మామ్మ ఇంటికి వెళ్ళాము. వీధి అరుగు మీద పెట్టె మ్రోగుతున్నది, ప్రక్కింటి ఇద్దరు ఆడవారు కూడా కూర్చుని ఉన్నారు. "మామ్మా, ప్రార్థన చేద్దామా?" అన్నాము. ఆమె చేయి ఎత్తి, "ఉండండయ్యగారూ, ఈ అద్యాయం అయిపోనివ్వండి" అన్నది. సరేనని చాప మీద కూర్చున్నాము. వింటే అది నూట పంతొమ్మిదవ కీర్తన. నూట డెబ్బది ఆరు వచనములు. అప్పటికి ఇంకా మొదటి వచనములలోనే ఉన్నది.